చెంచా వినపడని పాట

నాకు గర్వం లేదమ్మాయ్. ఇంత మంచి చెవి పెట్టుకుని కూడా ఎంత అణకువగా ఉంటానో చూడు. మీ కొట్లో ఉన్న ఈ పాటల ప్లేయర్లన్నీ శుద్ధ దండగని గట్టిగా అరవొచ్చు. అరుస్తున్నానా? మెల్లిగా చెబుతున్నాను.

ఆ క్లిప్పుది తీసెయ్. చొక్కాకి తగిలించుకోవచ్చు, ముద్దుగానే ఉంది. కానీ దానికి స్క్రీనే లేదే! ఏ పాట వస్తుందో దాని ఇష్టం. నేను సభలు జరిగే హాల్లో మైకుసెట్టు నడుపుతాను. సంతాప సభలో మౌనం పాటించాక ఇది డ్యాన్సు పాట అందుకుందనుకో, పోయినాయన ఫొటో పక్కనే నా ఫొటో కూడా పెడతారు.

ఈ స్క్రీను ఉన్నదా? భేషుగ్గా ఉంది. దాంట్లో నా మొహం కనపడుతోంది, అదొక్కటే లోపం. కానీ నేను పనిచేసేది స్టేజీ పక్కన చీకట్లో. చేతికి తగిలే మీట కావాలి. పైగా సోల్డరింగ్ పెట్టీ పెట్టీ నా బొటనవేలు కాయ కాసింది. ఇది దాన్ని వేలనుకోవడమే లేదు. నొక్కుతున్నా... నొక్కుతున్నా... ఆఁ, నీకైతే పలికింది! సరేలే, దీనికీ చిన్నాపెద్దా తేడా తెలుసు.

ఈ నల్లది నయం. ఇటుకలా ఉంది, మీటలున్నాయి, ఛార్జింగ్ ఎంత మిగిలిందో చెబుతుంది. అంతా బాగుంది గానీ దీంట్లోనూ చెంచా లేదు!

ఏ చెంచానా? ఇందాక ఒక్కోదాంట్లో నా కార్డు పెట్టాను కదా, అందులో మా ఆవిడ పాట. పాటంటే పాట కాదులే. అప్పుడెప్పుడో కొత్త మైకు కొని, పరీక్షకని వంటింట్లో పెట్టాను. ఆవిడ గాజుగ్లాసులో పంచదార కలుపుతూ కూనిరాగం తీస్తోంది. మధ్యమధ్య చెంచా గ్లాసుకి తగిలి సన్నగా టింగుమంటుంది. ఏ స్పీకరు కొన్నా, ఏ ఆంప్లిఫయరు బాగుచేసినా అదే నా పరీక్ష. చెంచా మోగిందా, సరుకు మంచిది. లేదా, వెనక్కి. మా ఆవిడ గొంతు ఎలా ఉందో మాత్రం ఎప్పుడూ వినలేదు. నవ్వకు, ఆవిడకీ అదే కోపం.

మూడిట్లోనూ గొంతుంది, గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడుంది. చెంచా లేదు. పెట్టెని పల్చన చెయ్యాలని ఈ కంపెనీలవాళ్లు చెంచాని మింగేశారు.

తొందరెందుకంటే, ఆదివారం హాల్లో పిల్లల డ్యాన్సులు. పాత ప్లేయరు చచ్చింది. దానికి తోడు కొత్త మేనేజరొకడు. పోయినసారి సభ అవగానే వచ్చి, "పెద్దాయనా, సౌండు చెవులు కోసేస్తోంది. ఈసారీ ఇలాగే ఉంటే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నాడు. కోసేస్తోందట! నాకేమో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. అందుకేగా ట్రెబుల్, అదే, సన్నటి శబ్దాల మీట, ఇంకాస్త పెంచాను. వాడికి చెవులు లేవనుకున్నాను. ముందు వరుసవాళ్లు చెవుల్లో వేళ్లు పెట్టుకుంటే వాళ్లకీ లేవనుకున్నాను. ఆ హాలు పోతే నాకింకో హాలు లేదమ్మాయ్.

ఏంటీ? నీకు వినిపించిందా? చెంచా?

ఊరుకో. బేరం పోతుందని అంటున్నావు. సరే, ఈ నల్లదాంట్లోనే పెట్టు. ఇయర్‌ఫోను ఒకటి నీ చెవిలో, ఒకటి నా చెవిలో. చెంచా మోగినప్పుడల్లా ఈ కౌంటరు అద్దం మీద వేలితో కొట్టు. ఈ రికార్డు నాకు కంఠతా వచ్చు. నన్ను బోల్తా కొట్టించలేవు.

ఆఁ, మొదలైంది. ఊపిరి పీల్చింది. రాగం ఎత్తుకుంది. ఇదిగో, ఇక్కడ...

కొట్టావు.

సరే, ఒకటి గుడ్డిగా తగులుతుంది. ఇక్కడ సాగదీస్తుంది, చెంచా ఆగుతుంది... ఆగావు. ఇప్పుడు రెండు, వెంటవెంటనే...

రెండూ కొట్టావు.

నా ఇయర్‌ఫోనే పాడైనట్టుంది. నీది ఇటివ్వు. మళ్లీ పెట్టు.

కొడుతున్నావు. సరిగ్గా కొడుతున్నావు. నీ వేలు కదలడం కనిపిస్తోంది. నీ గోరు అద్దానికి తగులుతోంది కదా, ఆ చప్పుడు కూడా రావడం లేదు నాకు.

ఆపెయ్యమ్మా.

స్టూలేమైనా ఉందా? నీళ్లొద్దు. కాస్సేపు కూర్చుంటాను, అంతే.

అయితే మేనేజరుకి చెవులున్నాయన్నమాట. ముందు వరుసకీ ఉన్నాయి. హాలంతటికీ ఉన్నాయి, లేనిది నాకొక్కడికే. వాళ్లందరి చెవుల్లో సూదులు గుచ్చి, ఇంటికెళ్లి హాయిగా అన్నం తిన్నాను.

నల్లది కట్టు. ఉండు, ఉండు. కొన్నాక మాత్రం ఆదివారం ఎంత పెంచాలో నాకెవరు చెబుతారు?

మా ఆవిడ చెప్పగలదు. ఆవిడవి పాము చెవులు. పక్కగదిలో నేను బిస్కెట్ల డబ్బా మూత తీస్తే పట్టేస్తుంది. స్టేజీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెడితే, ఎక్కువైతే చెయ్యి దించుతుంది, తక్కువైతే ఎత్తుతుంది. పని నిలబడుతుంది. దారి అదొక్కటే.

అదిగో, ఎదురుగా చెప్పుల కొట్టు ముందు నిలబడి ఇటే చూస్తోంది, ఆ సంచీ పట్టుకున్నావిడే. వెళ్లి అడగాలి. నాకు వినపడటం లేదే, ఆదివారం నాతో రావే అనాలి.

ఎన్ని వేల మంది మాటలు పెద్దవి చేసి వినిపించానో! ఈ ఒక్క మాట ఎలా అనాలో నాకింకా తెలీదమ్మాయ్. కాస్త నెమ్మదిగా కట్టు.