పుష్కరాల రేవులో సామ్రాజ్యం డ్యూటీ

సామ్రాజ్యం అని, మా నాట్ల ముఠాలో ఉండేది. మీరెవరూ ఎరగరులే, మీ అమ్మలు ఎరుగుదురు. మనిషి చూస్తే ఇంతే ఉండేది గానీ గొంతు మాత్రం, అబ్బో, ఈ గట్టున కేకేసిందంటే ఆ గట్టున మేసే గొడ్డు తలెత్తి చూసేది. ముఠాలో పాటెత్తేది అదే, అడుగు చెప్పేదీ అదే. ఇప్పుడు మిషన్లు వచ్చినయ్ గదా, నాటు ఎట్టా వేస్తారో ఈ కాలం పిల్లలకి తెలీదు. నడుం వంచి వరసగా నిలబడి, నాటుకుంటా నాటుకుంటా వెనక్కి పోవాల. ముందుకి కాదు తల్లీ, వెనక్కి. బురదలో మడమతో తడుముకుంటా ఇరవై మందిమీ ఒక్కసారే అడుగెయ్యాల. ఒకత్తి ముందెనకైతే వరసంతా చెడిపోయిద్ది. అందుకని పాట మధ్యలో కేకేసేది, ‘ఒసేయ్, మడమెయ్యండే’ అని. తనకంటే చిన్నదైనా ఒసే, పెద్దదైనా ఒసే. మళ్ళోకి దిగాక అత్తా లేదు, పిన్నీ లేదు. మేమెవరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

ఏమైందంటే, పుష్కరాలు రాబోతన్నయ్ అనుకో. ఇప్పటికి మూడు పుష్కరాలు దాటినయ్ ఆ సంగతి జరిగి. టౌను నుంచి జీపొచ్చి మైకులో చెప్పింది, రేవుల్లో ఆడోళ్ళు స్నానాలు చేసే చోట మగ పోలీసులు ఉంటే బాగుండదు గదా, అందుకని ఆడ హోంగార్డులు కావాల, సంతకం పెట్టడం వస్తే చాలు, పుష్కరాల్లో డ్యూటీ బాగా చేసినోళ్ళ పేర్లు పర్మినెంటుగా రాసుకుంటాం అని. ఆ మాట విన్నకాడ్నుంచి సామ్రాజ్యానికి నిద్ర లేదు. ఎందుకే నీకా పిచ్చి అంటే ఏమందో తెలుసా? ‘వాళ్ళకి బూట్లిస్తారంట వదినా’ అంది. నవ్వకండి. ఆషాఢం నుంచి మూడు నెలలు నీళ్ళల్లో నానితే వేళ్ళ సందులు పాసిపోయి రాత్రిళ్ళు ఎంత మంట పుట్టేదో మాకు తెలుసు. పసుపూ ఆముదమూ పూసుకొని ఏడ్చేవాళ్ళం. ఒక్క వర్షాకాలం పొడి కాళ్ళతో పడుకోవాలని ఉంది వదినా అంది. అది విని నాకు కళ్ళెమ్మట నీళ్ళొచ్చినయ్.

మొగుడు ఒద్దనేవాడు కాదు, నోట్లో నాలుక లేని మనిషి. ఒద్దంది అత్త, పున్నమ్మత్త. మహా గయ్యాళిది. ‘నా కోడలు లాఠీ పట్టుకొని సంతలో నిలబడితే నేను తలెక్కడ పెట్టుకోవాలే’ అని వీధిలోకొచ్చి మరీ అరిచింది. మూడు రోజులు అన్నం తినకుండా కూర్చుంది. ఆఖరికి ఏమందంటే, ‘పో. కానీ నీ నోటి మీద గానీ నీ నడత మీద గానీ ఒక్క మాట ఇంటికొచ్చిందో, ఆ బూట్లు నా చేత్తో ఏట్లో ఇసిరేస్తా’ అంది. సరే అత్తా అని సామ్రాజ్యం అప్పటికప్పుడు పేరు రాయించుకోడానికి పరిగెత్తింది.

ట్రైనింగు ఇరవయ్యొక్క రోజులు, హైస్కూలు గ్రౌండులో. పదకొండు మంది ఆడోళ్ళంట, నేర్పేది మస్తాన్ సాయిబు అనే ముసలి హవల్దారంట. ఖాకీ చీర, ఖాకీ జాకెట్టు, నడుముకి తోలు బెల్టు, కాళ్ళకి బూట్లు. మొదటి రోజు బూట్లు వేసుకొని నాలుగడుగులు వేసి బొక్కబోర్లా పడిందంట. అది గాక చిన్నప్పట్నుంచి వంగి వంగి పనిచేసిన ఒళ్ళు గదా, సాయిబు సావధాన్ అనంగానే అందరూ నిటారుగా నిలబడితే ఇదేమో ముందుకి వంగేదంట. ‘ఏందమ్మా సామ్రాజ్యం, ఏమన్నా పడేసుకున్నావా, ఎతుకుతున్నావ్’ అనేవాడంట ఆయన. నవ్వీ నవ్వీ చచ్చేవాళ్ళంట. ఇంటికొచ్చి మా దొడ్లో మళ్ళా చేసి చూపించేది. కుడికి తిరగడం, ఎడమకి తిరగడం, సెల్యూటు కొట్టడం. నా చేత గూడా కొట్టించింది. నేను పొయ్యి ఊదే గొట్టం చంకలో పెట్టుకొని కొట్టా, మా ఆయన చూసి దణ్ణం పెట్టి లోపలికి పోయాడు.

సాయిబు గట్టిగా చెప్పింది ఒక్కటే అంట. ‘మీరు పోలీసులు కాదు. మీ చేతిలో తుపాకీ లేదు, ఉండేదల్లా నోరు. పెద్దోళ్ళనైనా బీదోళ్ళనైనా అమ్మా, అయ్యా, దయచేసి అనాల. ఎవర్నన్నా ఒసే అన్నారని, అరే అన్నారని నాకు తెలిసిందా, ఆ రోజే డ్రస్సు తీసుకొని ఇంటికి పంపిస్తా. పేరు కొట్టేస్తా.’ సామ్రాజ్యం పడుకునేటప్పుడు గూడా అమ్మా దయచేసి, అమ్మా దయచేసి అని వల్లెవేసేదంట. మొదట్లో డ్యూటీ రేషను షాపు కాడ వేశారు, తర్వాత టూరింగు టాకీసులో ఆడోళ్ళ టిక్కెట్ల కాడ వేశారు. ఆదివారం ఆటకి నేను పోయి, మన సామ్రాజ్యమే గదా అని లైను మధ్యలో దూరా. వచ్చి నా మొహంలోకి చూసి, ‘అమ్మా, దయచేసి వెనక్కి వెళ్ళి నిలబడండి’ అంది. నన్ను! ఒకే కంచంలో తిన్నదాన్ని! ఆ కోపం నాకు ఇప్పటికీ పోలా. కానీ నిజం చెప్పొద్దూ, వెనకమాల నిలబడి ఆ బెల్టూ, ఆ బూట్లూ చూస్తా ఉంటే మా ముఠాలో మనిషేనా ఇది అని గర్వంగా కూడా ఉంది.

ఇహ పుష్కరాలు వచ్చినయ్. మన రేవే, కింద మెట్లకి పాచి, ఏట్లో ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నయ్. ఆడోళ్ళ రేవులో సామ్రాజ్యం డ్యూటీ. నాలుగు రోజులు నల్లేరు మీద బండి నడకే అనుకో. ఐదో రోజు పొద్దున, ఎనిమిదై ఉంటది, నేను సగం మెట్ల మీద ఉన్నా. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ట్రాక్టర్లూ బస్సులూ ఒక్కసారే వచ్చి ఆగినయ్. పైనుంచి దిగేవాళ్ళు దిగతానే ఉన్నారు, కింద మునిగినోళ్ళకి పైకొచ్చే దోవ లేదు. అదే టైములో ఎగువన నీళ్ళొదిలారు కాబోలు, నీళ్ళు ఒక మెట్టు ఎక్కినయ్. మళ్ళా ఇంకో మెట్టు ఎక్కినయ్. అడ్డం కట్టిన తాడు కూడా మునిగింది. కింద వరసలో పున్నమ్మత్త ఉంది, చెంబుతో నీళ్ళు ముంచుకుంటా. అత్త పక్కన రైసుమిల్లు వాళ్ళావిడ విశాలాక్షమ్మగారు, పట్టుచీర కట్టుకొని వాయనం ఇయ్యడానికి నిలబడి ఉంది. వెనకనుంచి తోపుడు. ముందల ఏరు.

సామ్రాజ్యం చూసింది. అమ్మా, దయచేసి ఆగండి అంది. ఎవరికి వినపడిద్ది? విజిల్ తీసి గట్టిగా రెండు సార్లు ఊదింది. అంతే, ఇంకా మునిగింది కొంప. మా ఆడోళ్ళకి విజిలంటే తెలిసింది బస్సులోనే గదా, కండక్టరు రెండు సార్లు ఊదాడంటే కదిలినట్టే. పైనోళ్ళు ఓహో పొమ్మంటన్నారు అనుకొని ఇంకో రెండు మెట్లు దిగారు! వెనక్కి తిరుగుదామంటే తిరిగే చోటు లేదు, తిరిగినోళ్ళు జారతన్నారు. నా ముందల ఒకామె మోకాళ్ళ మీద పడింది. నేను నా పిల్లల పేర్లు పెట్టి ఏడవడం మొదలుపెట్టా, అయిపోయింది మన పని అని.

అప్పుడు సామ్రాజ్యం ఏం చేసిందంటే, లాఠీ అవతల పారేసి, రేవులో సంకల్పం చెప్పే పంతులుగారు కూర్చునే బల్ల ఉంటే ఎగిరి దాని మీదకెక్కింది. ఎక్కి, ‘ఒసేయ్! ఎవత్తీ తిరగొద్దే! ఉన్నకాడే ఉండి మడమెయ్యండే! గట్టు మీదోళ్ళు ముందు, ఎయ్యండే ఎనక్కి!’ అని కేక. కేక గాదది. మళ్ళో ఇంటామే, అదే గొంతు. ఎత్తుకుంది నాటు పాట. చూసుకో, ఆ వచ్చినోళ్ళలో సగానికి సగం నాట్లకి పోయేవాళ్ళేనాయె. నా మడమ నాకు తెలీకుండానే వెనక్కి పోయి పై మెట్టు తడుముకుంది. పైవరస ఒకడుగు, మధ్యవరస ఒకడుగు, కిందవరస ఒకడుగు. పాట ఆగినకాడ ఆగటం, ఎత్తుకున్నకాడ ఎయ్యటం. వంద మంది, రెండొందల మంది, ఒకళ్ళ కాలు ఒకళ్ళకి తగల్లా. కింద మిల్లావిడకి నాటు తెలీదుగదా, బొమ్మలాగా నిలబడిపోయింది. ‘ఒసేయ్ పట్టుచీరదానా, కాలు కదుపే’ అంది. పక్కన అత్తని చూసింది, చూసి కూడా, ‘ఒసేయ్ చెంబుదానా, చెంబొదిలేసి ఆమె చెయ్యి పట్టుకోవే’ అంది. పున్నమ్మత్త చెంబొదిలేసింది, మంచి కంచు చెంబు, పుట్టింటిది. చెంబు ఏట్లో పోయింది. మిల్లావిడ చెయ్యి పట్టుకొని ఒక్కో మెట్టే వెనక్కి లాక్కొచ్చింది. అందరం గట్టెక్కినాక చూస్తే మేం నిలబడ్డ మెట్లు కనపళ్ళా.

మర్నాడు పిర్యాదు. మిల్లావిడే ఇచ్చింది. పెద్ద ఆఫీసరు షామియానా కింద కూర్చున్నాడంట. సామ్రాజ్యం బెల్టు తీసి బల్ల మీద పెట్టేసిందంట అప్పటికే. ‘ఇంతమందిలో నన్ను ఒసే అందండీ, మా ఆయన కూడా ఎన్నడూ అనలేదు’ అని ఆవిడ కళ్ళొత్తుకుందంట. అన్నావా అమ్మా అన్నాడంట ఆఫీసరు. అన్నానండి అంది. ట్రైనింగులో ఏం చెప్పారు? అమ్మా దయచేసి అనమన్నారండి. మరి అనలేదేం? ‘అన్నానండి. దయచేసి అనేలోపు నీళ్ళు ఇంకో మెట్టెక్కినయ్యండి’ అందంట. నిజమే కావచ్చు గానీ రూలు రూలే గదమ్మా అని ఆయన కలం తీశాడంట. మస్తాన్ సాయిబు పక్కకి తిరిగి నిలబడ్డాడంట, చూళ్ళేక.

అంతలో పున్నమ్మత్త జనాన్ని తోసుకుంటా వచ్చింది. దొరా, ముందు నా పిర్యాదు రాసుకో అంది. ‘నేను దీని అత్తని. కోడలు నన్ను నాలుగూళ్ళ జనం ముందు ఒసేయ్ చెంబుదానా అంది. ఈవిడ పరాయామె, నేను కన్నతల్లి తర్వాత తల్లిని. నాకెంత తలకొట్టేసినట్టు ఉండాల? రాశావా?’ రాశానమ్మా అన్నాడంట ఆయన. సామ్రాజ్యం అయిపోయింది నా బతుకు అనుకుందంట. ‘ఇప్పుడు దాని కింద ఇది కూడా రాయి. అది అనంగానే నేను చెంబొదిలేసి, ఈవిడ చెయ్యి పట్టుకొని వెనక్కి నడిచా. అందుకని ఇయ్యాల ఇద్దరం ఇక్కడ నిలబడి నీకు పిర్యాదులు చెప్తన్నాం’ అంది. మిల్లావిడ తల దించుకొని, ఆ చెయ్యి ఈవిడదేనండీ, ఆ తొక్కిసలాటలో నేను మొహం చూసుకోలా, నా కాగితం నాకిచ్చెయ్యండి అందంట. ఆఫీసరు నవ్వి, హెచ్చరించి వదిలేశాం అని రాసి, సామ్రాజ్యం పేరు పర్మినెంటు లిస్టులో ఎక్కించమన్నాడు.

ఇంటికొచ్చాక సామ్రాజ్యం అత్త కాళ్ళ మీద పడబోతే, పున్నమ్మత్త ఏమందో చెప్పనా? ‘ఖాకీలో అన్నావు గనక సరిపోయింది. నేత చీర కట్టుకొని ఒక్కసారి అను, చూస్తా’ అంది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. మొన్నటి పుష్కరాలకి మా మనవరాలు నన్ను తీసకపోయింది. రేవంతా ఇనప కమ్మీలు, మైకులు. ‘భక్తులారా, దయచేసి వెనక్కి జరగండి’ అని ఒక పిల్ల తియ్యగా చెప్తానే ఉంది పొద్దున్నుంచి. ఎవత్తన్నా జరిగిందా? నేనూ జరగలా. ఒసే అనకపోతే నా మడమ లేవదు, ఏం చెయ్యను.