పధ్నాలుగో నంబరు పడవ

1984, శాన్ రామన్. ముందుగదిలో సత్యనారాయణ వ్రతం ముగిసి, వచ్చినవాళ్ళు భోజనాలకు లేచారు. వెనకగదిలో పట్టుపరికిణీతో బాస్కెట్‌బాల్ కామెంటరీ వస్తున్న రేడియోకి చెవి ఆనించి కూర్చున్న పదేళ్ళ పిల్లకి అమ్మ గాజుల చప్పుడు వినబడింది. అయినా కదల్లేదు.

"అది ఆపి రా. ఆంటీ వాళ్ళు అడుగుతున్నారు."

"గేమ్ ఇంకా నాలుగు నిమిషాలుందమ్మా."

"నాన్న కాలేజీవాళ్ళేనా? ఎంత వెనకబడ్డారు?"

"పంతొమ్మిది పాయింట్లు."

"ఇంకేం వింటావే! ఈ ఏడాది ఒక్కటి గెలిచిన పాపాన పోలేదు. గెలిచేవాళ్ళని పట్టుకోరాదూ?"

"వాళ్ళకి బోలెడుమంది ఉన్నారు. మొన్న నాన్న తీసుకెళ్తే మన వైపు స్టాండ్స్ అంతా ఖాళీ. అయిపోయాక పధ్నాలుగో నంబరు జెర్సీ అతను వచ్చి నాకు థాంక్స్ చెప్పాడు."

"సరేలే, లే ముందు."

"లేవను. పొద్దున కథ మధ్యలో లేస్తుంటే నన్నెందుకు కూర్చోబెట్టావ్?"

"అది దేవుడి కథ కదే!"

"కళావతి ప్రసాదం తినకుండా పరిగెత్తితే పడవ మునిగిందన్నావుగా. ఇప్పుడు నేను లేస్తే?"

"నువ్వు లేచినా లేవకపోయినా ఆ పడవ మునిగేదేనే, పిచ్చిదానా!"

"మునగనీ. నేను మాత్రం దిగను."