నేను పరిగెత్తాను, జ్వరం పడుకుంది

జ్వరంతో తాడు లాగొచ్చా అనా అడుగుతున్నావు? ఒరే మెకానిక్కూ, రేపు ప్రింటింగ్ ప్రెస్సువాళ్ళతో తాడు లాగుడు పందెం, మన షెడ్డు జట్టులో అందరి వెనకాల నడుముకి తాడు చుట్టుకుని నిలబడేది నువ్వు, చూడబోతే నీ చేతిలో టీ గ్లాసే నిలబడట్లేదు. అడగాల్సినవాణ్ణే అడిగావులే. ఇలా మా బామ్మర్ది టీకొట్టు బెంచీ మీద కూర్చో, చెప్తా.

"దగ్గు కూడా ఉంది బాబాయ్. ఊపిరి తీస్తే ఛాతీ పట్టేస్తోంది."

దగ్గుదేముందిరా. ఈ షెడ్డులో బళ్ళకి రంగులేసే రోజుల్లో నాకూ ఇలాగే జ్వరం, దగ్గూ పట్టుకున్నాయి. అందరూ పడుకోమన్నారు. నేను వింటానా? బ్రష్షు పక్కన పడేసి పరుగు మొదలెట్టా. పెద్ద పరుగేం కాదు, మా సందు చివరిదాకా. చెమట పట్టి ఒళ్ళు తేలికపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకాస్త వేగం పెంచేసరికి జ్వరానికి ఆయాసం వచ్చింది.

"జ్వరానికా?"

మరి నాకొస్తుందా? రెండో మలుపు దగ్గర నాతో రాలేక అక్కడే చతికిలబడింది. నేను ఆగలేదు. ఎంత వేగమంటే, నేను దాటిపోయిన చాలాసేపటికి నా దగ్గు వచ్చేది. మనిషి లేడు, దగ్గు మాత్రం వినిపిస్తోందని వీధిలో జనం తలుపులేసుకున్నారు. ఏరా బామ్మర్దీ, టీ వడపోస్తూ ఆ నవ్వేంటి?

"ఏం లేదు బావా. జ్వరం ఎటు పోయిందా అని."

ఎటు పోతుంది, మా ఇల్లు దానికి తెలుసుగా. అడ్డదారిన ముందే వెళ్ళి నా మంచమెక్కి పడుకుంది. మీ అక్కయ్య నేననుకుని దుప్పటి కప్పింది. డాక్టరొచ్చి దానికే సూది వేశాడు. రోగిని నేనండీ అని గుమ్మంలోంచి మొత్తుకుంటే, పేషెంటుకి గాలి తగలనివ్వవయ్యా అని నన్నే కసిరాడు. అది లోపల పడుకునే ఉంది, నేను బయట దండేలు తీస్తూనే ఉన్నా. చివరికి దానికి నయమై లేచి, నాకు దండం పెట్టి వెళ్ళిపోయింది. ఏంట్రా మెకానిక్కూ, అలా తల పట్టుకున్నావు?

"ఏమీ అర్థం కావట్లేదు బాబాయ్. నయమైంది పరిగెత్తిన నీకా, పడుకున్న జ్వరానికా? రేపు నేను తాడు లాగాలా, పడుకోవాలా?"

అదే చెప్తున్నా. పరిగెత్తింది నేను. పడుకుంది అది. నయమైంది... ఆగరా, నన్ను కంగారు పెట్టకు. అది పడుకుంటే నాకు... నాకెందుకు నయమైందబ్బా?

"ఎందుకంటే మంచం మీద ఉన్నది నువ్వే బావా. రెండో మలుపు దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే, తోపుడు బండి మీద ఇంటికి చేర్చింది నేను. నువ్వు కళ్ళు తెరిచేదాకా అక్కయ్య ఏడుస్తూనే ఉంది. అబ్బాయ్ మెకానిక్కూ, ఛాతీ పట్టేస్తుంటే తాడు ముట్టుకోకు. వెళ్ళి పడుకో."

ఒరే, లేచావేంటి? టీ సగం అలాగే ఉంది. నువ్వెళ్ళి పడుకుంటే రేపు నడుముకి తాడు ఎవడు చుట్టుకుంటాడు?

"ఇంకెవరు బాబాయ్, జ్వరంతో పందెం వేసి గెలిచినవాడివి నువ్వుండగా? దారిలో మనవాళ్ళకి చెప్పేసి వెళ్తా."

అదేంట్రా, ఆగు... వెళ్ళిపోయాడే. ఒరే బామ్మర్దీ, ఆ గ్లాసులు తర్వాత కడుగుదువుగాని, ఇలా రా. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూడు. కాస్త వెచ్చగా లేదూ?