రెండు చీటీల లెక్క

విచారణ పదకొండింటికి. పదిన్నరకే స్టీరింగు బాబాయ్ ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లమీద కాలుమీద కాలేసుకుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే శిష్యురాలికి తెలిసిపోయింది, ఇక కోతలు మొదలవుతాయని.

ఆమె కొంగల డాక్టరమ్మ శిష్యురాలు. ఆడమనిషికి జంతువుల చదువేమిటని నలుగురూ నవ్విన రోజుల్లో, నడుము లోతు బురదలో దిగి పెద్దకొంగల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టిన మనిషి డాక్టరమ్మ. ముప్ఫై ఏళ్లు లెక్కపెట్టింది. వేటగాళ్ల చేత తుపాకులు దింపించింది. పోయిన వానాకాలంలో ఆమె కన్నుమూసింది, ఇప్పుడు ఆ కొంగలుండే చిత్తడినేలను పూడ్చి రోడ్డు వేస్తామంటున్నారు. కొంగలున్న మాట నిజమని విచారణ కమిటీ నమ్మితేనే రోడ్డు ఆగుతుంది. పోయిన వాయిదాలో అవతలి వకీలు లేచి, డాక్టరమ్మ రాసిన రిజిస్టర్లన్నీ కాకిలెక్కలని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కావని చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఒక్కడే మిగిలాడు, ప్రతి పేజీలో డాక్టరమ్మ పక్కన సంతకం పెట్టిన జీపు డ్రైవరు. ఖర్మ కొద్దీ ఆ డ్రైవరు, అంటే ఈ స్టీరింగు బాబాయే, ఊళ్లోకెల్లా పెద్ద కోతలరాయుడు.

"బాబాయ్, లోపలికి వెళ్లి కూర్చుందాం," అంది శిష్యురాలు.

"ఉండమ్మాయ్, టీ చల్లారిపోదూ. మీ డాక్టరమ్మ సంగతి వీళ్లకి ఎవరు చెప్తారు? మొదటి ఏడాది, మొట్టమొదటి లెక్క రోజు అనుకో. తెల్లారేసరికి గట్టుమీదకి చేరాం. అటుపక్క ఓ వేటగాడు, ఒక్కడే, తుపాకీ ఎత్తాడు. నేను జీపు హారను మోగించాను. కొంగలు లేచిపోయాయి, వాడి గురి తప్పింది. అంతే, పెద్ద విషయమేం కాదులే."

"ఎన్ని కొంగలేంటి?" అన్నాడు పక్కన కూర్చున్న మంగలి.

"ఎన్నంటే, ఓ రెండొందలు."

ఆ మొదటి రోజు రిజిస్టర్లో ఉన్న అంకె పదకొండు. అది శిష్యురాలికి కంఠతా వచ్చు. అంతలో మూల స్టూలుమీద బూడిదరంగు చొక్కా మనిషి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకోవడం చూసింది. ఎక్కడో చూసిన ముఖమే. పోయిన వాయిదాలో అవతలి వకీలు వెనక ఫైళ్లు మోసింది ఇతనే, ఆయన జూనియరు.

ఆమె బాబాయ్ మోచెయ్యి గిల్లింది. బాబాయ్ ఆ చెయ్యి జరుపుకుని కూర్చున్నాడు.

"హారను మోగేసరికి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెల్లు పొదల్లోంచి ఇంకో ఆరుగురు లేచారు. మొత్తం ఏడు తుపాకులు. అమ్మగారు నడుము లోతు బురదలో ఉన్నారు, చేతిలో గొడుగు తప్ప ఏం లేదు. నేను జీపు వెనక్కి తిప్పి వాళ్లమీదకి పోనిచ్చాను. టైర్లు నాలుగూ పేల్చేశారు. టైర్లు లేకపోతే బండి నడవదని ఎవరన్నారు? నడిపాను."

"స్పేరు టైరు కూడా పేల్చారా బాబాయ్?" అంది టీ కొట్టు అక్క.

"అదే ముందు పేల్చారు. ఇక చూడు, రెండు వేల కొంగలు ఒక్కసారి..."

"ఇందాక రెండొందలన్నావు," అన్నాడు మంగలి.

"అవి ఇటుపక్కవి. అటుపక్కవి లెక్కలో వెయ్యొద్దూ?"

మంగలి నవ్వాడు. శిష్యురాలికి నవ్వు రాలేదు. మూల జూనియరు కలం ఆగకుండా కదులుతోంది. ఈ రెండు వేలు గంటలో కమిటీ బల్లమీద ఉంటాయి. ముప్ఫై ఏళ్ల కష్టం పొట్లాల కాగితాలైపోతుంది. డాక్టరమ్మ మీద కూడా ఆమెకి కోపం వచ్చింది. లెక్కకి ఇంకెవరూ దొరకలేదా ఈవిడకి?

డాక్టరమ్మ లెక్కకి ఓ పద్ధతి ఉండేది. గట్టుకి ఆ చివర ఆమె, ఈ చివర డ్రైవరు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఎవరి అంకె వాళ్లు చీటీ మీద రాసి, మడిచి, రేకు డబ్బాలో వెయ్యాలి. రెండిట్లో ఏది తక్కువైతే అదే రిజిస్టర్లోకి ఎక్కాలి. ఆ డబ్బా పోయిన వాయిదాకే కమిటీకి అప్పజెప్పారు. శిష్యురాలు దాని మూత కూడా తీసి చూడలేదు.

"జీపు మునిగిపోతోంది," బాబాయ్ గొంతు తగ్గించాడు, అందరూ ముందుకి వంగారు. "బురద నా గడ్డందాకా వచ్చింది. అమ్మగారు ఈల వేశారు. అంతే. ఆకాశం కనపడితే ఒట్టు. నాలుగు లక్షల కొంగలు దిగి, ముక్కులతో జీపుని పట్టుకుని, నన్నూ అమ్మగార్నీ లోపల కూర్చోబెట్టుకుని, ఎత్తుకెళ్లి ఇదిగో, ఈ ఆఫీసు మేడమీద దించాయి. అమ్మగారు దిగుతూ, జాగ్రత్తగా తోలావోయ్ అన్నారు."

మూల స్టూలు కిర్రుమంది. జూనియరు లేచి వచ్చి వాళ్ల బల్ల దగ్గర నిలబడ్డాడు.

"నాలుగు లక్షలా? అయితే మీ చీటీలో పదకొండని ఎందుకుందండీ?"

జూనియరు సంచిలోంచి జిరాక్సు కాగితాల కట్ట తీశాడు.

"ఆ రోజు డాక్టరుగారి చీటీలో పదమూడు. మీ చీటీలో పదకొండు. రిజిస్టర్లోకి ఎక్కింది మీదే. ఎక్కడైనా ఒక్క కొంగ పెంచి రాసుంటారేమోనని వారం రోజులు కూర్చుని అన్నీ చదివాను." అతని గొంతులో విసుగు దాగలేదు. "ముప్ఫై ఏళ్లలో మీరు ఆవిడకంటే ఎక్కువ రాసిన రోజు ఒక్కటీ లేదు."

బాబాయ్ కాలుమీది కాలు కిందికి దిగింది. దొంగతనం పట్టుబడ్డవాడిలా తల వంచుకున్నాడు.

"ఆ రెండూ రెల్లు దుబ్బుల్లో ఉన్నాయి సార్. కొంగలో దుబ్బులో నాకు తేల్లేదు. తేలనిది రాయొద్దని అమ్మగారు చెప్పారు."

"మరి ఆ ఏడుగురు వేటగాళ్లు?" అన్నాడు మంగలి.

"ఒక్కడే. వేటగాడో, గేదెలు కాసుకునేవాడో. మంచు పడుతోంది ఆ పూట."

"చీటీలో అలా రాసి, ఇక్కడ ఇలా ఎలా చెప్తారండీ?" అన్నాడు జూనియరు.

"ఇక్కడ నాకు చీటీ ఎవరిచ్చారు సార్?"

శిష్యురాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, జూనియరు వైపు తిరిగింది. "లోపల చెప్పండి సార్, నాలుగు లక్షలన్నాడని. చెప్పాక ఆ చీటీలు కూడా మీరే చదవండి." జూనియరు చిన్న పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఎదుటి మెట్లమీదకి బంట్రోతు వచ్చి సాక్షిని పిలిచాడు. బాబాయ్ లేచి గొంతు సవరించుకోబోయాడు. శిష్యురాలు తన నోటు పుస్తకంలోంచి ఓ ఖాళీ చీటీ చింపి అతని చేతిలో పెట్టింది. బాబాయ్ దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, గొంతు సవరించుకోకుండానే మెట్లెక్కాడు.