మాటలు: తాతయ్య

మధ్యాహ్నం ఆట వదిలాక, సినిమా హాలు ఎదుటి టీకొట్టులో ఒక తాతయ్య, ఆయన మనవరాలు.

"నవ్వారంటే నవ్వరూ? కితకితలు పెడితే ఎవడైనా నవ్వుతాడు. అదో గొప్పా?"

"హాలు మొత్తం పడీపడీ నవ్వింది తాతయ్యా. మన వెనకాయనైతే నీ డైలాగులన్నీ తెర మీద వాళ్లకంటే ముందే చెప్పేశాడు."

"అందుకే వెనక్కి తిరిగి నోర్ముయ్యమన్నాను."

"రాసింది నువ్వేనని తెలిస్తే కాళ్ల మీద పడేవాడు."

"పడనీ. పడ్డాక తన్నేవాణ్ణి. ఎప్పుడో నా జుట్టు నల్లగా ఉన్నప్పటి పాచి యుద్ధం సినిమా. దానికి కొత్త రంగులేసి, సౌండు పెంచి, మళ్లీ టికెట్లు అమ్ముకుంటున్నారు. సిగ్గూ శరం లేని వెధవలు."

"పేపర్లో ఏం రాశారో తెలుసా? కాలానికి తట్టుకుని నిలబడ్డ సినిమా అట."

"నిలబడిందా? నడుం పడిపోయి గోడకి చేరబడింది. ఆ రాసినవాడు నిద్దట్లో చూసుంటాడు."

"నాకు తాజాగానే అనిపించింది."

"తాజానా! కర్నల్ గారి కమోడ్‌ని చూసి అదేదో కొత్తరకం ఫిరంగి అనుకుని శత్రువులు చేతులెత్తేస్తారు. అది తాజానా? కంపు కొట్టింది. ఆ శత్రువులైనా ఎంతమంది? నలుగురు. ఆ నలుగురే గుట్ట వెనక్కి పరిగెత్తి, టోపీలు మార్చుకుని మళ్లీ వచ్చారు. అందులో బట్టతల వాడు అప్పటికే ఒకసారి చచ్చిపోయాడు కూడా."

"అది కావాలని చేసిన వెటకారం అనుకున్నా!"

"వెటకారం కాదు, పిసినారితనం. నిర్మాత నలుగురికే భోజనాలు చెప్పాడు."

"సరే. మరి నర్సు?"

"నర్సు సంగతి ఎత్తకు."

"ఎత్తుతా. సినిమా మొత్తంలో ఆవిడకి 'ఛీ పోండి' తప్ప ఒక్క పూర్తి వాక్యం లేదు. ఈ రోజుల్లో అలా రాస్తే ఊరుకుంటారా?"

"ఆ 'ఛీ పోండి' కూడా నేను రాయలేదు. ఆవిడ నిజంగానే అంది. దర్శకుణ్ణి."

"మరి నువ్వేం రాశావు తాతయ్యా?"

"రాశాను. బోలెడు రాశాను. అధికారుల్ని ఉతికి ఆరేశాను. మ్యాపు మీద వేలు పెట్టేవాడొకడు, ఆ వేలు పెట్టినచోటికి వెళ్లి చచ్చేవాడు ఇంకొకడు అని రాశాను. అదంతా పట్టుకెళ్లి కమోడ్ మీద కూర్చోబెట్టాడు ఆ దర్శక మహానుభావుడు."

"అయ్యా, నమస్కారం. మాటల్లో అడ్డొస్తున్నానేమో... ఈ సినిమాకి మాటలు రాసింది మీరే కదూ? హాల్లో చూసి అనుమానపడ్డాను."

"కాదు."

"అవునండీ, ఈయనే. మా తాతయ్య."

"ఎంత అదృష్టమండీ! నేను పట్టాలంలో చేసి రిటైరయ్యాను. మా యూనిట్లో ఈ సినిమా ఎన్నిసార్లు వేసుకున్నామో చెప్పలేను. మా కర్నల్ గారైతే పొద్దున్నే పెరేడ్‌కి వస్తూ, 'నా మీసం చూస్తే తుపాకీ కూడా సెల్యూట్ కొడుతుంది' అని మీ డైలాగే కొట్టేవారు."

"ఆయన కొట్టేవాడా? అది కర్నళ్లని వెక్కిరించడానికి రాసిందయ్యా."

"ఆయనకీ తెలుసండీ. అందుకే మరీ ఇష్టం. కుర్రాళ్లు కాస్త డీలా పడ్డారంటే చాలు, 'రేపు కమోడ్ సినిమా వెయ్యండి' అనేవారు. ఒక్క ఫొటో దిగుతారా?"

"దిగను."

"తాతయ్యా!"

"సరే, తీసుకోండి, తీసుకోండి. తొందరగా. టీ చల్లారిపోతోంది."

"ధన్యుణ్ణండీ. వస్తానమ్మా."

"విన్నావా ఉడతా? ఎవణ్ణి తిడుతూ రాశానో వాడే చప్పట్లు కొట్టాడు. వాడే ముచ్చటపడి కుర్రాళ్లకి వేసి చూపించాడు. ఇంక నేను తిట్టినట్టా, జోలపాట పాడినట్టా?"

"పాపం, ఎంత ప్రేమగా మాట్లాడాడాయన."

"అదే కదా నా ఏడుపు. ఒక్క వెధవకైనా నా మీద కోపం రావాలా వద్దా? ఆ హాల్లో ఒక్కడికైనా తగిలిందా?"

"ఒకచోట తగిలింది."

"ఎక్కడ?"

"వంట కుర్రాడు చచ్చిపోయే చోట. హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు, చూశావా? మన వెనకాయన కూడా."

"నీ ఫోను మోగుతోంది."

"మోగనీ. అమ్మే."

"తియ్యి మరి."

"తర్వాత మాట్లాడతాలే. ఆ సీను సంగతి చెప్పు. సినిమా అంతా గరిటె పట్టుకుని నవ్వించినవాడు, నీళ్ల క్యానుతో గుట్ట దిగుతూ దిగుతూ పడిపోతాడు. ఒక్క మాట లేదు. 'అమ్మా' అని ఒకే ఒక్క అరుపు. చిన్నప్పుడు నీ పక్కన కూర్చునే టీవీలో చూశాను. అది నా చెవిలోంచి ఇప్పటికీ పోలేదు."

"పిచ్చిమొహమా, సినిమా మొత్తం మీద అంత దరిద్రం ఇంకోటి లేదు."

"అదీ దరిద్రమేనా?"

"అన్నిటికన్నా అదే. పోయేముందు వాడు చెప్పడానికి నేను రెండు పేజీలు రాశాను. రెండు పేజీలు! రాస్తుంటే నాకే కళ్లనీళ్లు ఆగలేదు. దర్శకుడేం చేశాడూ? ఎండ పోతోంది కానివ్వండని కుర్రాణ్ణి బోర్లా పడుకోబెట్టాడు. వీపుకి పంచదార పాకంలో ఎర్రరంగు కలిపి పూశారు. పక్కనే చీమలపుట్ట."

"చీమలా?"

"గండుచీమలు. పాకం వాసనకి బారులు కట్టి వచ్చాయి. ఇటు కెమెరా తిరుగుతోంది, అటు వాడి నడుం కింద పట్టుకున్నాయి. 'అమ్మా' అన్నాడు. అంతే! దర్శకుడు ఎగిరి గంతేసి, 'ఇది చాలు, పేజీలు అక్కర్లేదు' అన్నాడు. జనం ముక్కులు చీదుకుంటూ ఏడ్చారే, వాడికి బహుమతి కూడా ఇచ్చారే... చీమ కుట్టినందుకు!"

"నిజంగా?"

"నా కళ్లముందు జరిగింది. కట్ అనగానే వాడు లాగు విప్పుకుని గుట్ట మీద ఒకటే గంతులు. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఏంటలా చూస్తావు? నవ్వు. ఇది సినిమా కంటే బాగుంది."

"అంటే ఆ అరుపులో ఏమీ లేదన్నమాట."

"ఏముంటుంది? పాకం, చీమ. ఆ సినిమాలో యుద్ధం గురించి ఒక్క నిజమంటే ఒక్క నిజం లేదు. అంతా బూటకం."

"హమ్మయ్య."

"హమ్మయ్య ఏమిటి?"

"ఏం లేదు. ఇంకో టీ చెప్పనా?"

"టీ గీ వద్దు. హమ్మయ్య అని ఎందుకన్నావు?"

"కోప్పడనంటే చెప్తా."

"కోప్పడతాను. చెప్పు."

"నాకు పట్టాలంలో ఉద్యోగం వచ్చింది. ఇంజినీర్ల దళంలో. వంతెనలు కట్టాలి."

"ఏ పట్టాలం?"

"ఎన్ని ఉంటాయి తాతయ్యా?"

"వంతెన కట్టాలని సరదాగా ఉంటే మీ వీధి చివర మురిక్కాలవ మీద కట్టు! నాలుగేళ్లు కట్టినా ఎవడూ కాల్చడు!"

"అమ్మ కూడా అదే మాట అంది."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు. ఇంట్లో ఇదే రభస. సోమవారంలోగా ఏ సంగతో చెప్పాలి. నాకూ తేలడం లేదు. సరే వెళ్దామని గట్టిగా అనుకున్నప్పుడల్లా ఆ అరుపు వినిపించేది. నిన్న అమ్మే అంది, తాతయ్యని తీసుకెళ్లి ఆ సినిమా మళ్లీ చూడు, ఆ సీను చూశాక కూడా వెళ్తానంటే ఇంక నేను అడ్డురాను అని."

"చూశావుగా మరి!"

"చూశాను. చీకట్లో నీకు తెలీలేదు కానీ, బాగా ఏడ్చాను. రేపు అలా పడిపోయేది నేను కావొచ్చు. లేదా నేను నీళ్లకి పంపినవాడు కావొచ్చు. నా వల్ల కాదు, రానని చెప్పేద్దాం అనుకునే హాల్లోంచి బయటికొచ్చాను."

"బంగారంలాంటి మాట. అదే చెప్పు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్."

"ఇంతలో నువ్వు చీమల సంగతి చెప్పావు."

"చీమల్లేవు."

"తాతయ్యా."

"లేవంటుంటే! ఏదో మాటవరసకి అన్నాను."

"గండుచీమలన్నావు. లాగు విప్పుకున్నాడన్నావు."

"నోటికొచ్చింది వాగాను. ఇలా చూడు, ఉడతా. ఆ సినిమాలో నిజమంటూ ఏదైనా ఉంటే ఆ ఒక్క అరుపే. నా రెండు పేజీలూ ఎత్తేశాడన్న కడుపుమంటతో ఇన్నేళ్లూ దాన్ని తిడుతున్నాను. వాడు ఎందుకు అరిస్తేనేం? నీకు వినిపించింది నిజం కాదా?"

"ఇందాక బూటకమన్నావు."

"ఇందాక దర్శకుణ్ణి తిట్టాను!"

"ఇప్పుడు నన్ను ఆపాలని పొగుడుతున్నావు. ఏది నమ్మమంటావు?"

"నన్ను నమ్ము."

"అసలు సంగతి వింటావా? దెబ్బ తగలొచ్చని తెలుసు, పోవచ్చనీ తెలుసు. అన్నీ ఆలోచించుకున్నాకే పరీక్ష రాశాను. అయినా చిన్నపిల్లలాగా ఒక అరుపుకి జడిసి ఆగిపోతున్నానే అని నా మీద నాకే సిగ్గేసేది. ఇప్పుడు తేలిగ్గా ఉంది."

"తేలిగ్గా ఉండకూడదే! కూర్చో. నా రెండు పేజీలు విను. నాకింకా కంఠతా వచ్చు. అవి వింటే నీకే తెలుస్తుంది యుద్ధమంటే ఏమిటో."

"ఇక్కడా?"

"ఇక్కడే. 'ఓ మృత్యువా! నా గరిటె వేడి ఇంకా చల్లారలేదు, అప్పుడే నా నెత్తుటి వేడి చల్లార్చ వచ్చితివా! ఓ గుట్టా! ఓ గాలీ! నా మాతృమూర్తికి చెప్పుడు, నీ కుమారుని చేతి గరిటె...'"

"ఆపు తాతయ్యా."

"ఇంకా సగం కూడా కాలేదు."

"టీకొట్టాయన నవ్వుతున్నాడు."

"నవ్వుతున్నాడా?"

"అటు తిరిగి నవ్వుతున్నాడు, పాపం. నువ్వేమీ అనుకోకు. దర్శకుడు ఆ ఒక్కటీ మంచిపనే చేశాడేమో."

"టీ చల్లారిపోయింది."

"మళ్లీ అమ్మ. నువ్వే మాట్లాడు."

"నేనా? నేనేం మాట్లాడను?"

"పట్టుకో. నేను టీ డబ్బులిచ్చొస్తాను."

"హలో... ఆ, నేనేనమ్మా."

"ఎన్నిసార్లు చేశాను నాన్నా, తియ్యదేం అది? చూశారా సినిమా? ఆ సీను ఉందా, తీసేశారా?"

"ఉంది."

"ఏడ్చిందా?"

"ఏడ్చిందట."

"బతికించావు నాన్నా! నేను ఎన్ని చెప్పినా వినలేదు, వాళ్ల నాన్న కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. నీ సినిమా ఒక్కటే దాన్ని ఆపుతుందని నాకు తెలుసు. ఆగిపోతానందా?"

"ఆగిపోదామనుకునే హాల్లోంచి బయటికొచ్చింది తల్లీ... ఈలోపల నేను నోరు తెరిచాను."