ఒక్క ‘క’

పెద్దలారా, మిత్రులారా, ముందు వరసలో కూర్చున్న బావగారూ,

ఈ సంతాప సభలో మాట్లాడమని నన్ను నిలబెట్టారు. ఈ హాల్లో సగం మంది ఆవిడని చాటుగా ‘ఆగండి మేడమ్’ అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నాకు మాత్రం అక్కయ్య. ఆవిడ ల్యాబులోనే నేను పని నేర్చుకున్నాను.

ఏమిటా పని? నోరూ చెయ్యీ పడిపోయిన మనిషి మెదడులో మెదిలే సంకేతాలను యంత్రంతో చదివి, ఒక్కో అక్షరాన్నీ తెర మీదికి తేవడం. అందులో మాట ఎంత, అర్థంలేని రొద ఎంత అని లెక్కగట్టడం. “ముందే ఊహించగలిగిన మాటలో సమాచారం ఏముంటుంది? ఊహ తప్పిన చోటే మనిషి దొరుకుతాడు” అనేది అక్కయ్య.

బావగారు నవ్వుతున్నారు. ఎందుకో నాకు తెలుసు. పెళ్ళి మాట ఎత్తడానికి ఆయన నీళ్ళు నములుతుంటే, ఈవిడ ఒక్క ముక్క అందించలేదట! అడిగితే, “మొత్తం చెప్పనివ్వాలిగా” అనేది.

మా దగ్గరికి ఒక టైలరు గారు వచ్చేవారు. పక్షవాతంతో మాట పోయింది. మా యంత్రంతోనే మాట్లాడేవారు. వేగం కోసం యంత్రానికి ఊహించడం నేర్పాం. నాలుగు అక్షరాలు పడగానే మిగతాది అదే పూర్తిచేసేది. అందరం మురిసిపోయాం. ఒకరోజు తెర మీద ‘నన్ను ఇంటికి తీసుకెళ్ళండి’ అని పడింది. ఆయన భార్య కళ్ళు తుడుచుకుని సంచి సర్దడం మొదలుపెట్టింది. ఏ రోగి అయినా అనే మాటే కదా!

అక్కయ్య మాత్రం సంకేతాల గీతలనే చూస్తోంది. వాక్యం అయిపోయినా అవి సద్దుమణగలేదు. రొద అన్నాం మేము.

“ఆగండి! రొద కాదది. ఆయన మాట ఇంకా అవ్వలేదు.”

ఊహించడం ఆపేయించింది. మళ్ళీ అక్షరం అక్షరం. తీ... సు... కె... ళ్ళ... అప్పుడు పడింది, ‘క’. తీసుకెళ్ళకండి.

ఇంట్లో ఆ యంత్రం లేదు. వెళితే ఆయనకు మళ్ళీ మాట ఉండదు. అదీ ఆయన భయం! అవునో కాదో చివర్లో గానీ తేలని భాష మనది. ఆ చివరిదాకా ఆగింది ఎవరు, ఆవిడ తప్ప? ఇంట్లో యంత్రం పెట్టించాకే ఆయన్ని పంపింది.

అక్కయ్యా, అందరినీ ఆగమన్నదానివి, నువ్వే ఆగలేదే!

టైలరు గారు ఇక్కడే ఉన్నారు. అదిగో, చక్రాల కుర్చీలో, తెర పక్కన. ఇందాకటి నుంచీ ఒక మాట చెబుతున్నారు. ఇప్పటికి ‘మేడమ్‌ని మర్చిపో’ వరకు వచ్చింది. తర్వాతేమిటో తెలిసిపోయిందనుకుంటున్నారు కదూ? దయచేసి ఊహించకండి.

అందరం లేచి నిలబడదాం. గడియారం చూడొద్దు. ఆయన మాట పూర్తయ్యేదాకా, మౌనంగా.