ఖాళీ గడిలో సున్నా

లిఫ్టు ఆగిపోవడంతో బాబాయీ, అన్న కూతురూ తొమ్మిదో అంతస్తు నుంచి మెట్లు దిగుతున్నారు. షేర్ల ధరలను మార్కెట్టు నుంచి బ్రోకర్ల కంప్యూటర్లకు మోసుకెళ్ళే సందేశం ఇకమీదట ఏ నమూనాలో ఉండాలో తేల్చే కమిటీకి ఆయన అధ్యక్షుడు. ఆ నమూనాలను పరీక్షించిన ఇంజనీరు ఆమె. మీటింగు ఇప్పుడే ముగిసింది.

“సంతకం పెట్టనని చెప్పాగా బాబాయ్.”

“ఆఫీసులో బాబాయ్ అనొద్దన్నానా?”

“ఇవి మెట్లు. ఆఫీసు పైనుంది.”

“నీ సంతకం ఒక్కటే మిగిలింది. పరీక్షలు జరిపాను అని, అంతే. ఏది మంచిదో నిన్ను చెప్పమనలేదు.”

“చెప్పమనే కదా నాలుగు నెలలు కూర్చోబెట్టారు? ధర అందినప్పుడు రెండు నమూనాలూ ఒకటే. అందనప్పుడే తేడా. మొదటిది ఆ గడిలో ‘ధర రాలేదు’ అని గుర్తు పెడుతుంది. రెండోది...”

“సున్నా పెడుతుంది. నాకు వందసార్లు చెప్పావ్.”

“వందసార్లూ విని దాన్నే నెత్తికెత్తుకున్నారు.”

“ఎత్తుకుంది కమిటీ.”

“మీరో?”

“అధ్యక్షుడికి ఓటుండదు.”

“నోరుంటుందిగా.”

“చూసి దిగు, ఇక్కడ మెట్టు విరిగింది.”

“మాట మార్చకండి. ఏమీ రాకపోవడం వేరు, సున్నా రావడం వేరు. మనిషి దగ్గర్నుంచి ఫోను రాకపోతే పోయాడని ఏడుస్తామా?”

“అచ్చం మీ నాన్న పోలికే. గోడతోనైనా వాదిస్తాడు.”

“గోడైతే నయం, సిగ్గుపడి బీటలైనా తీసేది. ట్రయల్ రోజు గుర్తుందా? కుట్టుమిషన్ల కొట్టు పైగదిలో అక్కచెల్లెళ్ళిద్దరు చిన్న బ్రోకరు దుకాణం నడుపుకుంటారే, వాళ్ళు?”

“ఊఁ.”

“మన ఉత్తుత్తి మార్కెట్లో ఒక కంపెనీ ధర మూడు సెకన్లు అందలేదు. సున్నా వెళ్ళింది. ధర కుప్పకూలిందనుకుని వాళ్ళ కంప్యూటరు దానంతటదే ఉన్న షేర్లన్నీ అమ్మిపారేసింది. చెల్లెలు ఫోన్ చేసింది. ఇది ఉత్తుత్తిదే కదండీ, ఉత్తుత్తిదే కదండీ అని ఒకటే అడగడం. వచ్చే నెల నిజంగా జరిగితే ఆవిడకేం చెప్పమంటారు?”

“సున్నా వస్తే ఆగమని కంప్యూటర్లో చిన్న మార్పు చేయించుకుంటే పోయె.”

“పెద్ద కంపెనీలు చేయించుకుంటాయి, వాళ్ళకి అంతస్తు నిండా ఇంజనీర్లున్నారు. వీళ్ళకెవరున్నారు? ఆ కంప్యూటరు మీద దుమ్ము తుడుచుకునేది కూడా వీళ్ళే.”

“అందరి బాధలూ మనం మొయ్యలేం తల్లీ.”

“ఒక్కటి చెప్పండి. మొదటి మీటింగులో ఏడుగురిలో ఆరుగురు మొదటి నమూనానే అన్నారు. ఇవాళ అందులో నలుగురు గంపగుత్తగా అటు దూకారు. మధ్యలో ఏం గడ్డి కరిచారు?”

“మెల్లగా. కింద ఎవరైనా ఉంటారు.”

“ఆ నమూనా రాసిన కంపెనీ పంచిన తోలుసంచులకేనా?”

“సంచికి ఎవడమ్ముడుపోతాడే? వాటిని డ్రైవర్లకి ఇచ్చేశారు. అందరూ పెద్ద బ్రోకరు కంపెనీల వాళ్ళు, వాళ్ళకి సంచో లెక్కా?”

“మరి చేతులెత్తేటప్పుడు నా మొహం చూడరేం? ఆ నలుగురిలో బంగారు కళ్ళజోడాయన మాత్రం వచ్చి, చాలా కష్టపడ్డావమ్మా అని చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి చూసుకుంటేనే రోతగా ఉంది.”

“కింద పంపుంది. కడుక్కో.”

“సూటిగా అడుగుతున్నా. ఎంతకి కొన్నారు వీళ్ళని?”

“ఎవరూ కొనలేదు.”

“అబద్ధం.”

“ఒట్టు. నువ్వే ఆలోచించు. అది ఉత్త సున్నా అని తెలిసినవాడు, నిజమని హడలి అమ్మేవాడి దగ్గర కారుచౌకగా కొనుక్కుంటాడు. ఏడాదికి ఎన్నిసార్లు ధర అందదో అన్నిసార్లు. ఆ రుచి తెలిశాక వాళ్ళకి వేరే లంచం దేనికి?”

“ఛీ.”

“ఛీ అనే అనుకున్నాను నేనూ. అనుకుని, చేతులు లెక్కపెట్టాను.”

“ఆగండి. తెలిశాక అంటున్నారు, అదెలా తెలిసింది? సున్నా చూసి కంప్యూటర్లు అమ్మేస్తాయన్నది కాగితాల మీద చూస్తే ఎవరికీ కనిపించే లోపం కాదు. నాకే మూడు నెలలు పట్టింది. వాళ్ళకెవరు చెప్పారు?”

“తడిగా ఉంది, జారతావు.”

“ఎవరు చెప్పారు బాబాయ్?”

“నువ్వు నాకిచ్చిన రిపోర్టు ఏడు కాపీలు తీయించి నేనే పంచాను. నలభై రెండో పేజీ. ఏ దుకాణాల కంప్యూటర్లు అమ్మేస్తాయో, ఎన్ని సెకన్లలో అమ్మేస్తాయో, పేరుపేరునా పట్టిక వేసింది నువ్వే తల్లీ.”